మానసిక ఒత్తిడి – సైబరు మోసములు (మెదక్ ప్రాంతము)

చింతాక్రాంతమైన మనస్సునందు వివేచనాశక్తి తాత్కాలికముగ క్షీణించుటకును, ఆ క్షీణదశ నదనుగా గొని ఫోను, వాట్సాప్, యాప్‌ల మూలమున పరులు ధనము నపహరించుటకును గల సంబంధము మెదక్ పట్టణమును, దాని పరిసర గ్రామములను దృష్టియందుంచుకొని యిందు వివరింపబడినది. మోసపోయినవారిని చదువు లేనివారనియో, అత్యాశాపరులనియో లోకము త్వరపడి నిందించును. ఈ నింద చాలవరకు అన్యాయము.

ఆపద తోచినంతనే మెదడులోని హైపోథాలమస్ ప్రేరణచే, మూత్రపిండములపై నుండు ఎడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ మున్నగు హార్మోనులను స్రవించును, గుండెవేగము హెచ్చును, మంచిచెడ్డలను తూచి చూచునట్టి, నుదుటి వెనుకనున్న మెదడుభాగము మాత్రము పట్టు సడలును. యేల్ విశ్వవిద్యాలయమున ఎమీ ఆర్న్‌స్టెన్ చేసిన పరిశోధనలు ఈ సడలింపు నెంతయు విశదపరచినవి.

2013లో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్ ప్రభృతులు ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన పరిశీలన మనకు మరింత సన్నిహితమైనది. తమిళనాడులోని 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు చేతిలో పైస యాడని కాలమునను, కోత పిమ్మట సొమ్ము చేరిన కాలమునను బుద్ధిపరీక్షలు పెట్టగా, మొదటి పరీక్షలో ఆ రైతులే తక్కువ మార్కులు తెచ్చుకొనిరి. మనిషి మారలేదు, మెదడు మారలేదు. మారినది చేతిలోని సొమ్ము, తలమీది చింత. 2015 డిసెంబరులో మంబోజిపల్లి చక్కెర కర్మాగారము లేఆఫ్ ప్రకటనతో మూతపడుట చూచిన మెదక్ చెరకు రైతులకు, కార్మికులకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పనక్కరలేదు. 2018 నాటి మరియొక అమెరికా పరిశోధనయందు, కోపముచే గాని ఉత్సాహముచే గాని ఉద్రిక్తులైనవారు, వృద్ధులును వారికన్న చిన్నవారును గూడ, తప్పుడు ప్రకటనలలోని వస్తువులను కొనుటకు మిక్కిలి సుముఖులైరి.

ఇక మోసగాని పద్ధతి. 2024 జూలై 18న రాష్ట్ర ప్రభుత్వము లక్ష రూపాయల వరకు గల పంటరుణములను మాఫీ చేయ నారంభించి, ఆగస్టు 15 నాటికి ఆ పరిమితిని రెండు లక్షలకు చేర్చెను. అది నాట్ల కాలము. ఘనపురం ఆనకట్ట కాలువల క్రిందివారికిని, బోర్లనే నమ్ముకొన్నవారికిని కూలీలు, ఎరువులు, ట్రాక్టరు కిరాయి ఒక్కమారు మీద పడు దినములు. జాబితాలో పేరున్నదో లేదోయని బ్యాంకు చుట్టును, వ్యవసాయాధికారి చుట్టును తిరుగుచున్న రైతునకు, బ్యాంకు గుర్తు గల నంబరునుండి ఫోనులో యాప్‌ను చేర్చు ఒక ఏపీకే ఫైలును, వెనువెంటనే ఒక ఫోనును వచ్చును: “మీ పేరు లిస్టుల ఉన్నది గని కేవైసీ కాలేదు, అది ఒత్తుండ్రి, గంటల పైసలు పడ్తయ్.” ఒత్తి, ఆ యాప్ అడిగిన అనుమతులిచ్చిన క్షణమునుండి ఆ ఫోనునకు వచ్చు ఓటీపీలన్నియు దొంగకును చేరును. ఇట్టి సందేశములు తెరువవలదని పోలీసులు ఆ దినములలోనే హెచ్చరించిరి. గమనింపవలసినదేమనగా, ఆ సందేశము రైతునకు కొత్త ఆశ కల్పించుట లేదు. పది దినములుగా అతడు అందరిని అడుగుచున్న ప్రశ్నకే జవాబు చెప్పుచున్నది.

లోన్ యాప్‌లది వేరొక దారి. ఏడు దినముల గడువుతో చిన్న మొత్తమిచ్చి, అందులోనే రుసుము ముందుగా కోసికొని, ఫోనులోని నంబర్లనన్నింటిని లాగి, బాకీదారుని బంధుమిత్రులకు అవమానకరములగు సందేశములు పంపుట వీరి రివాజు. 2020 డిసెంబరులో ఉమ్మడి మెదక్ జిల్లా భాగమైన సిద్దిపేట మొదలగు చోట్ల బాధితులు ప్రాణములు తీసికొనుటతో రాష్ట్రము ఉలిక్కిపడెను. అదే నెల 23న రిజర్వు బ్యాంకు హెచ్చరిక వెలువరించెను. 2022 సెప్టెంబరు నాటి దాని మార్గదర్శకములు, దాని నియంత్రణలోని సంస్థల యాప్‌లనుండి అప్పు తీసికొన్నవాడు మనసు మార్చుకొన్నచో అసలును, వాడుకొన్న దినముల వడ్డీని కట్టి జరిమానా లేకుండ వైదొలగుటకు కొంత వ్యవధి కల్పించినవి. తొందరలో చేసిన నిర్ణయమునకు నిబంధనయే ఊపిరి తీసికొను వేళ నొసగినట్లయినది. ఈ నిబంధనకు రావలసినంత పేరు రాలేదు.

‘డిజిటల్ అరెస్టు’ అనబడు మోసమున మోసగాడు ఒత్తిడికై వెదకడు, తానే పుట్టించును. పిల్లలు దూరదేశములనుండగా ఒంటరిగ నుండు విశ్రాంతోద్యోగికి, పార్సిలులో మత్తుపదార్థములు దొరికినవనుచు ఖాకీ దుస్తులవాడు వీడియోకాలున కనబడి, ఎవరితోను మాట్లాడకూడదని గంటలకొలది కెమెరా యెదుట కూర్చుండబెట్టును. భార్యతోనో పక్కింటివారితోనో ఒక్క మాట యనిన చాలు, భ్రమ విడిపోవును; కనుకనే ఆ నిషేధము. చట్టమునందు ఇట్టి అరెస్టు లేనేలేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున సైతము చెప్పవలసి వచ్చెను.

ధనము పోయినచో వెంటనే సైబరు నేరముల సహాయ నంబరు 1930కు ఫోను చేయవలెను. సొమ్ము ఇంకను ఖాతాలలోనే తిరుగుచున్నయెడల నిలిపివేయుటకు వీలగును. 2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో యీ పనిని చూచుచున్నది. అట్లు నిలిపిన సొమ్మును 2024నుండి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పించుచున్నారు. అయితే మోసపోయితినన్న సిగ్గు పలువురి నోరు నొక్కును. ఇంట చెప్పుకొనలేక రెండు మూడు దినములు గడుపువారికి చేజిక్కునది స్వల్పము. ఆ దుఃఖదశయందే, పోయిన పైకము తెచ్చి పెట్టెదము, ముందుగా రుసుము కట్టుడని పోలీసులమనియో వకీళ్లమనియో చెప్పుకొను మరియొక ముఠా తగులును. ఏలయన మోసపోయినవారి నంబర్లు ముఠానుండి ముఠాకు అమ్ముడుపోవుచుండును. ఫిర్యాదు నమోదునకు 1930వారు ఏ రుసుమును అడుగరు.