కోపానికి చికిత్స: ప్రక్షాళన నుండి శిక్షణ వరకు

1. ప్రవేశిక:
కోపాన్ని కక్కేస్తే చల్లారుతుందన్న నమ్మకం లోకంలో బలంగా ఉంది. ఇరవయ్యో శతాబ్దపు మానసిక చికిత్సల్లో కొన్నింటికి ఇదే ఆధారమైంది. ఈ నమ్మకం చికిత్సగా మారిన తీరును, దాని స్థానంలోకి శిక్షణ వచ్చిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ప్రక్షాళన వాదం:
విషాద నాటకం జాలిని, భయాన్ని రేకెత్తించి ప్రక్షాళన చేస్తుందన్న అరిస్టాటిల్ 'కెథార్సిస్' భావన సాహిత్య విద్యార్థులకు పరిచితమే. 1895లో బ్రూయర్, ఫ్రాయిడ్‌లు హిస్టీరియాపై వెలువరించిన గ్రంథంలో ఈ మాట ఒక చికిత్సా పద్ధతికి పేరైంది. అణచిపెట్టిన ఉద్వేగం బయటపడితే రోగలక్షణం తొలగుతుందని వారు భావించారు. 1970లో వెలువడిన ఆర్థర్ జానోవ్ గ్రంథం 'ది ప్రైమల్ స్క్రీమ్', లోపలి బాధను కేకలతో వెళ్లగక్కించే చికిత్సకు ప్రాచుర్యం తెచ్చింది.

3. శిక్షణా పద్ధతి:
1975లో అమెరికన్ మనస్తత్వవేత్త రేమండ్ నోవాకో కోప నియంత్రణపై తన ప్రయోగాత్మక చికిత్సను గ్రంథరూపంలో ప్రకటించారు. డొనాల్డ్ మైకెన్‌బామ్ ఒత్తిడిని తట్టుకోవడానికి రూపొందించిన శిక్షణ దీనికి మూలం. టీకా స్వల్ప మోతాదుతో శరీరాన్ని సిద్ధం చేసినట్లే, ఇది స్వల్ప కవ్వింపులతో మనసును సిద్ధం చేస్తుంది. ఇందులో మూడు దశలున్నాయి. మొదట వ్యక్తి తనకు కోపం ఎప్పుడు, ఏ ఆలోచనతో వస్తుందో గుర్తిస్తాడు. తరువాత శరీరాన్ని సడలించడం, తనకు తాను చెప్పుకొనే మాటలను మార్చుకోవడం నేర్చుకుంటాడు. చివరగా కవ్వింపు సన్నివేశాలను ఊహించుకొని, నటించి సాధన చేస్తాడు. ఆలోచనల మార్పు, శరీర సడలింపు కలిసినప్పుడే ఫలితం మెరుగ్గా ఉందని నోవాకో ప్రయోగం చూపింది.

4. ప్రక్షాళన వాదానికి పరీక్ష:
2002లో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది కళాశాల విద్యార్థులపై చేసిన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. తమకు కోపం తెప్పించిన వ్యక్తిని తలచుకుంటూ గుద్దుల సంచీని కొట్టినవారిలో కోపం తగ్గకపోగా అధికంగా కనిపించింది. ఏమీ చేయకుండా కూర్చున్నవారిలోనే దూకుడు తక్కువగా ఉంది. ఉపశమనమని భావించినది నిజానికి కోపానికి అభ్యాసమైంది.

5. ముగింపు:
కోపానికి జాప్యమే గొప్ప మందని క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ తత్త్వవేత్త సెనెకా బోధించాడు. అయితే కోపం ముంచుకొచ్చిన క్షణంలో హితవు తలకెక్కదు. ఆ హితవును ముందుగానే సాధన చేయించడం ఆధునిక చికిత్స సాధించిన ప్రగతి. నోవాకో దృష్టిలో కోపం నిర్మూలించవలసిన దోషం కాదు. అన్యాయాన్ని ఎదిరించే శక్తి కూడా అందులో ఉంది. కోపిష్ఠి అన్న ముద్రతో బతికే మనిషిని నేర్చుకోగల వ్యక్తిగా చూడటమే ఈ చరిత్రలోని కీలకమైన మలుపు.