మూడో వంతు గాలి, మూడో వంతు ఛార్జీ

ఖరగపూర్ తెలుగువాళ్ల కాపురాల చరిత్ర రాయాలంటే ముందు పట్టాల సంగతి చెప్పాలి. 1890లలో ఈస్ట్ కోస్ట్ రైల్వే బెజవాడ నుంచి వాల్తేరు మీదుగా కటకం దాకా లైను వేసింది. బెంగాల్ నాగపూర్ రైల్వే, మా పెద్దల నోట బి.ఎన్.ఆర్., అదే దశకం చివర్లో ఖరగపూర్‌ని జంక్షను చేసింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ నది మీద వంతెన పూర్తయి హౌరాకు దారి పడింది. ఇంకొద్ది కాలానికే వాల్తేరు–కటకం ముక్క కూడా బి.ఎన్.ఆర్. చేతికొచ్చింది. ఇక్కడ వర్క్‌షాపుకి మనుషులు కావాలి. అక్కడ శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులకి పని కావాలి. మధ్యలో బండి ఉంది. మా తాత ఆ బండే ఎక్కాడు.

ఉద్యోగం దొరికింది గానీ పిల్ల దొరకలేదు. మేనరికాలు, వరసలు అన్నీ ఊళ్లోనే ఉండిపోయాయి. అందుకని నీంపురా, మథురాకాటి, ఛోటా టెంగ్రా క్వార్టర్లకి కోడళ్లంతా ఆ లైను మీదే దిగుమతయ్యారు: సోంపేట, పలాస, నౌపడా, చీపురుపల్లి. నేను మూడో తరం. ఖరగపూర్ డివిజన్లో గార్డుగా చేసి రిటైరయ్యాను. బండి చివర కూర్చున్నవాడికి జరగబోయేది కనపడదు, జరిగిపోయింది మాత్రం దిగంతం దాకా కనపడుతుంది. చరిత్ర రాయడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఇప్పుడు గుహల సంగతి. కాపురాలకి వాటితో ఏం పనో ముందుకి పోతే తెలుస్తుంది. మా మేనల్లుడు ఫ్లోరిడాలో ఉంటాడు. సెలవొస్తే వీపుకి సిలిండర్లు కట్టుకుని నీళ్లు నిండిన గుహల్లోకి దూరతాడు. ఫోన్లో విని నా గుండె జారింది.

"ఒరేయ్, గుహలే కావాలంటే మన బొర్రా లేదట్రా? పొడిగా ఉంటది, మెట్లుంటాయి, పైన కేకే లైను పోతంది, బయటకొస్తే బొంగులో చికెన్ దొరుకుద్ది."

"అది నడక మామయ్యా. ఇది వేరు. భయం లేదులే, అన్నిటికీ రూల్సున్నాయి. పైగా నేనొక్కణ్నే కాదు, నాతో ఒకమ్మాయి కూడా దిగుద్ది."

అసలు సంగతి ఆఖర్న బయటపెట్టాడు. వాళ్లమ్మకి చెప్పే పని నా నెత్తినే పడుతుందని అప్పుడే అర్థమైంది. అయినా రూల్సు అన్నాడు కదా, రైల్వేవాణ్ని, ఆ మాట చెవిన పడితే ఊరుకోలేను. ఒక్కొక్కటీ చెప్పించుకున్నాను.

ఈ విద్య మొదట్లో ఉమ్మడి కుటుంబం పద్ధతిలో నడిచిందట. 1935లో ఇంగ్లండ్‌లోని వూకీ హోల్ గుహలో గ్రాహం బాల్కమ్, జాక్ షెపర్డ్, వాళ్లతో పాటు మోసీ పావెల్ అనే ఆవిడ, బరువైన ఇత్తడి టోపీలు తొడుక్కుని దిగారు. గాలి మాత్రం వాళ్ల దగ్గర లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు పంపు కొడితే గొట్టంలోంచి లోపలికి వచ్చేది. మా అమ్మ కొత్త కోడలిగా మా నాయనమ్మ ఇంట్లో దిగినప్పుడు సరిగ్గా ఇదే ఏర్పాటు. ఎంత పీల్చాలో ఒడ్డున ఉన్నవాళ్లే తేల్చేవాళ్లు.

గాలి సొంతమయ్యాక జనం ధైర్యంగా లోపలికి పోయి తిరిగి రాకపోవడం మొదలైంది. షెక్ ఎక్స్‌లీ అని ఫ్లోరిడాలో ఒక లెక్కల మాస్టారు. ఆయన ఆ చావుల్ని ఒక్కొక్కటిగా ముందేసుకుని, ఎక్కడ తప్పు జరిగిందో విడదీసి 1979లో చిన్న పుస్తకం రాశాడు. పోయినవాళ్లంతా చేసిన తప్పులు కొన్నే. బయటి నీళ్ల నుంచి లోపలిదాకా తెగకుండా తాడు వేసుకోకపోవడం. తిరుగు ప్రయాణానికి గాలి దాచుకోకపోవడం. తాహతుకు మించిన లోతుకి పోవడం. తర్వాత వచ్చినవాళ్లు ఇంకో రెండు కలిపారు: శిక్షణ లేకుండా దిగకు, మూడు దీపాలు లేకుండా దిగకు. మా జనరల్ రూల్సు పుస్తకం కూడా ఇలా పుట్టిందే. అందులో ఏ రూలు తిరగేసినా వెనక ఎక్కడో ఒక ఎంక్వైరీ ఉంటుంది. 2023 జూన్ 2న మా డివిజన్లోనే, బహానగా బజార్ దగ్గర, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నలు మెయిన్ లైనుకి ఇచ్చి పాయింట్లు లూపు లైనుకి ఉండిపోయాయి. రెండొందల తొంభై మందికి పైగా పోయారు. ఆ పేరెత్తితే మా కాలనీలో ఇప్పటికీ హాస్యం ఆగిపోతుంది. నేనూ ఇక్కడ ఆపి ముందుకి పోతాను.

తాడు దగ్గరికి వద్దాం. లోపలికి దారి చూపడానికి కాదు ఆ తాడు, బయటికి రావడానికి. దాని మీద అక్కడక్కడా ప్లాస్టిక్ బాణాలు తగిలిస్తారట, దగ్గర్లో బయటపడే దారి ఎటుందో అటు మొన పెట్టి. చీకట్లో చేత్తో తడిమినా తెలియాలి. అది వినగానే నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. మా ఖరగపూర్ కాపురాల్లో ఆ బాణం ఎప్పుడూ దక్షిణానికే, పుట్టింటి వైపే. తాడు రైల్వే పాసు.

పాసు సంగతి వివరంగా చెప్పాలి, బయటివాళ్లకి తెలీదు. మా గ్రేడుకి సర్వీసు అయిదేళ్లు నిండేదాకా ఏడాదికి ఒక్క సెట్టే, అంటే ఒక రాకా ఒక పోకా. అయిదేళ్లు దాటితే మూడు సెట్లు. ఇవి కాక పి.టి.ఓ.లు నాలుగు సెట్లు, వాటితో టిక్కెట్టు మూడో వంతు ఛార్జీకే. దీన్ని బట్టి చూడండి: కొత్త దంపతులు ఎక్కువగా పోట్లాడుకునే మొదటి అయిదేళ్లలోనే పాసు ఒక్కటి. అలక కూడా ఆచితూచి అలగాలి. జనవరిలో ఉప్పు ఎక్కువైందని వాడేసుకుంటే దసరాకి మొగుడు తాగొచ్చినప్పుడు చేతిలో ఏం ఉంటుంది? మా ఎదురింటి పిన్ని సంవత్సరం పొడుగునా పాసుని పసుపు డబ్బాలో దాచి, మాట పెరిగినప్పుడల్లా మూత తీసి చూపించేది. వాడింది తక్కువ, చూపించింది ఎక్కువ. బాబాయి మాత్రం మూత చప్పుడు వినగానే గొంతు తగ్గించేవాడు.

మా ఆవిడది పాతపట్నం. అలిగితే ఖరగపూర్‌లో రాత్రి బండెక్కి నౌపడాలో దిగాలి. అక్కడ పర్లాకిమిడి చిన్న రైలు. రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి, 1900లో మొదలైంది, ఇప్పుడు లేదు. అది కదిలే కదలికకి మనిషి కోపం నిలిచేది కాదు. టెక్కలి వచ్చేసరికి సగం, పాతపట్నం స్టేషను కనపడేసరికి మిగతా సగం జారిపోయేదని మా అత్తగారే చెప్పేది. 1977లో కోరమాండల్ వచ్చిందని అందరూ గొప్పగా చెప్పుకున్నారు. కాపురాలకి అది పనికిరాని బండి. మరీ వేగం, చిన్న స్టేషన్లో ఆగదు.

ఇక గాలి. దిగినవాడు మూడో వంతు లోపలికి పోవడానికి, మూడో వంతు వెనక్కి రావడానికి వాడుకోవాలి. ఆఖరి మూడో వంతు ముట్టుకోకూడదు. జోడీ గాలి అయిపోతే ఇద్దరూ దాని మీదే బయటపడాలి. మా కుర్రాళ్లలో ఈ లెక్క పాటించినవాణ్ని నేను చూడలేదు. పెళ్లయిన మొదటి రెండు నెలల్లోనే గోల్‌బజార్లో చీరలు, సినిమాలు, కలకత్తా షికార్లు. సిలిండరు అడుగంటాక తెలుస్తుంది, ఇంకా లోపలికే పోతున్నామని. పి.టి.ఓ. మీద మూడో వంతు ఛార్జీ అని ఎవరు పెట్టారో గానీ, ఆ మహానుభావుడికి సంసారం తెలుసు.

గుహ అడుగున మెత్తటి బురద ఉంటుందట. కాలు విసిరితే లేచి, దీపం ముఖం ముందు పెట్టినా కనపడదు. అప్పుడు కాళ్లాడించకూడదు. ఒక చెయ్యి తాడు మీద, ఒక చెయ్యి జోడీ భుజం మీద. ముందుకు నెడితే పద, వెనక్కి లాగితే తగ్గు. మాటల్లేవు. దంపతులు "మన పెళ్లిలో మీ మావయ్య ఏమన్నాడో తెలుసా" అని మొదలెట్టడం ఈ కాలు విసరడమే. మాకూ ఇలాంటి భాష ఉంది. స్టేషను దాటేటప్పుడల్లా డ్రైవరు, గార్డు ఒకరికొకరు పచ్చజెండా చూపించుకోవాలి. మధ్యలో అరకిలోమీటరు బొగ్గు. ముఖాలు కనపడవు. ఆ డ్రైవరుతో నాకు రన్నింగు రూములో పప్పు దగ్గర తగువై ఉండొచ్చు. అయినా జెండా ఊపాల్సిందే.

పెళ్లి కుదిర్చేవాళ్లకి మాత్రం గుహల రూల్సు చాలవు, మావే కావాలి. ఒంటి లైను మీద నీల్స్ టోకెన్ మిషను ఉండేది. రెండు స్టేషన్లలో రెండు మిషన్లు, మధ్య కరెంటు. ఒక ఇనప బంతి బయటికి తీస్తే అది మళ్లీ మిషన్లో పడేదాకా రెండు వైపులా రెండో బంతి రాదు. బంతిని సంచిలో వేసి బెత్తం రింగుకి కట్టి పాయింట్స్‌మన్ ఎత్తి పట్టుకుంటే, ఇంజన్లోంచి వంగి చేతికి దూర్చుకునేవాళ్లు. చెయ్యి వాచేది. మంగళసూత్రం ఆడవాళ్లకి, ఇది మాకు. బండి చేరాక స్టేషన్ మాస్టరు వెంటనే బంతి మిషన్లో వెయ్యడు. ఆఖరి పెట్టెకి ఎల్.వి., అంటే లాస్ట్ వెహికల్, బోర్డో తోక దీపమో ఉందా అని చూస్తాడు. లేదంటే బండి మధ్యలో తెగి, సగం వెనక సెక్షన్లోనే ఉండిపోయిందన్న మాట. మా కాలనీ పెద్దలు వరుడి గురించి జీతం అడిగేవారు, గోత్రం అడిగేవారు, ఆఖర్న గొంతు తగ్గించి "తోక దీపం వచ్చిందా?" అని అడిగేవారు. ఆద్రాలోనో చక్రధర్‌పూర్‌లోనో మనసు సగం వదిలేసి వచ్చిన కుర్రాళ్లు ఆ ప్రశ్న దగ్గర దొరికిపోయేవారు.

ఒక్కోసారి అసలు బండే రాదు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలై ఇరవై రోజులు సాగింది. అసలే పెళ్లిళ్ల కాలం. మా వీధిలో పందిరి వేశారు, పెళ్లివారు పలాసలో ఇరుక్కుపోయారు. ఆ పందిట్లో యూనియన్ మీటింగు జరిగింది, అప్పడాలు కార్యకర్తలు తిన్నారు. పెళ్లి జూన్‌లో అయింది.

తర్వాత తరం ఇక్కడే పుట్టి, ఇక్కడే ప్రేమించి, ఇందా నుంచీ మలంచా నుంచీ బెంగాలీ కోడళ్లని తెచ్చుకుంది. నాకు అభ్యంతరం లేదు, చేపలు మనకన్నా బాగా వండుతారు. ఒకటే లోటు. పుట్టిల్లు రిక్షా దూరంలో ఉంటే కోపం పూర్తిగా చల్లారకముందే మనిషి అక్కడికి చేరిపోతుంది, వాళ్ల నాన్న అదే రిక్షాలో తిరిగి వస్తాడు. దారి దొరకడం ఒక్కటే కాదు, దారికి పొడుగు కూడా ఉండాలి.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. ఆ ఎక్స్‌లీ పెళ్లాడిన మేరీ ఎలెన్ ఎకాఫ్ కూడా గొప్ప గుహ ఈతగత్తె అనీ, 1994లో మెక్సికోలోని జకటోన్‌లో ఆయన మరీ లోతుకి పోయి ప్రాణం పోగొట్టుకున్న రోజు ఆవిడ అక్కడే ఉందనీ వాడు చెప్పాడు. ఆ రూలు రాసినవాడే లోతు రూలు దగ్గర పోయాడు. "ఆ పిల్లకి నీకన్నా గాలి ఎక్కువ పడుద్దా తక్కువ పడుద్దా?" అనడిగాను. "తక్కువే మామయ్యా, నాకంటే నెమ్మదిగా పీలుస్తుంది" అన్నాడు. అయితే సంబంధం మంచిదే, మీ అమ్మతో నేను మాట్లాడతాను అన్నాను.

ఇక్కడ మాత్రం తాడు మారిపోయింది. 2020 నుంచి కాగితం పాసులు పోయి ఫోన్లోకి వచ్చాయి. టిక్కెట్టు తియ్యాలంటే ఉద్యోగి ఫోనుకి ఓటీపీ వస్తుంది. అంటే పెళ్లాం అలిగి పోవాలన్నా మొగుడు నంబరు చదివి చెప్పాలి. మొన్న పక్కింటి అమ్మాయి సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. లోపల ఆ కుర్రాడు ఫోను పైకెత్తి కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతున్నాడు, సిగ్నల్ లేదట. "ఎంతసేపు?" అంటోంది ఆ అమ్మాయి. పదిహేను నిమిషాలైనా రాలేదు. ఆ లోపల కుక్కరు కూసింది, స్టవ్ ఆపడానికి తనే వెళ్లాల్సి వచ్చింది.