శనికి కులం ఎవరు పెట్టారు?



2023 ఏప్రిల్‌లో గురువు మేషరాశిలోకి వచ్చాడు. రాహువు అప్పటికే అక్కడున్నాడు. అక్టోబరు దాకా టీవీ జ్యోతిష్కుల నోట ఒకటే మాట: 'గురుచండాల యోగం'. గురువు బ్రాహ్మణుడు, రాహువు చండాలుడు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే బ్రాహ్మణుడు చెడిపోతాడని దాని భావం. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నేలమీద రద్దు చేసింది. రాశిచక్రంలో అది ఇంకా నడుస్తోంది, అదీ ఉదయం కార్యక్రమంలో, స్పాన్సర్లతో సహా.

ఇదేదో ఒక జ్యోతిష్కుడి నోటిదురుసు అనుకోకండి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి 'బృహజ్జాతకం' రెండో అధ్యాయం తెరవండి. గురు శుక్రులు బ్రాహ్మణులకు అధిపతులు, రవి కుజులు క్షత్రియులకు, చంద్రుడు వైశ్యులకు, బుధుడు శూద్రులకు. మిగిలిన శని అంత్యజులకు. అంటే మనకు. రవి చంద్రులు రాజులు, గురు శుక్రులు మంత్రులు, శని సేవకుడు. అతని బట్ట చిరిగిన గుడ్డ, అతని చోటు చెత్తకుప్ప. సోమరి, బక్కపలచన, పెద్ద పళ్లు, బిరుసు జుట్టు. ఇది గ్రహాన్ని చూసి రాసిన వర్ణన కాదు. ఊరి బయట వాడను దూరం నుంచి చూసినవాడు రాసింది. పరాశరుడి పేరున చలామణీ అయ్యే హోరాశాస్త్రంలోనేమో శని శూద్రుడయ్యాడు, చండాలత్వం రాహువుకు పోయింది. పుస్తకాన్ని బట్టి గ్రహాల కులం మారుతుందన్నమాట!

దీంట్లో ఇంకో విచిత్రం ఉంది. రాశుల జాతకం ఇక్కడ పుట్టినది కాదు. హోర, కేంద్రం అనేవి గ్రీకు మాటలు. వరాహమిహిరుడే 'బృహత్సంహిత'లో ఒప్పుకున్నాడు: యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా ఉంది కాబట్టి ఋషుల్లా పూజలందుకుంటున్నారు, ఇక బ్రాహ్మణ దైవజ్ఞుడి సంగతి చెప్పాలా అని. సముద్రం అవతలి మ్లేచ్ఛుడికి ఋషి గౌరవం, ఊరి చివరి అంత్యజుడికి చెత్తకుప్ప.

ఇప్పుడు గోచారం లెక్క చూద్దాం. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్లు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తర్వాతి రాశి కలిపితే ఏడున్నరేళ్ల ఏలినాటి శని. దానికి అష్టమ శని, అర్ధాష్టమ శని చేర్చండి. ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో ఐదు శని కింద ఉంటాయి. శాంతి చేయించేవాడికి గిరాకీ తగ్గే రోజే లేదు.

ఉగాది ఏ వారం పడితే ఆ గ్రహం ఆ ఏటి రాజు. 2022 ఏప్రిల్ 2 శనివారం, శుభకృతు ఉగాది. శని రాజైతే వానలు తక్కువని పంచాంగ సంప్రదాయం. ఆ జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మునిగినవాళ్లు మన్యం ఆదివాసులు, లంకల్లో మనవాళ్లు.

నా క్లాసులో చదివిన ఒకమ్మాయి, మన వాడ పిల్లే, ఏలినాటి శని పోయేదాకా పోటీ పరీక్షలొద్దని ఇంట్లోవాళ్లు ఆపేశారు. ఏడున్నరేళ్లంటే డిగ్రీ మూడు, పీజీ రెండు, పీహెచ్‌డీలో సగం. ఆ అమ్మ నాన్నల మీద నాకు కోపం లేదు. తమను చెత్తకుప్ప మీద కూర్చోబెట్టిన పుస్తకానికే దక్షిణ ఇస్తున్నామని వాళ్లకు ఎవరు చెప్పారు?

చెప్పాల్సింది విశ్వవిద్యాలయాలు. 2001లో యూజీసీ జ్యోతిషాన్నే కోర్సుగా పెట్టమంది. హైదరాబాద్ శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే గ్రహాల దారి చూసి ఫలితాలు చెప్పి బతకడాన్ని దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం నీచవిద్యల్లో వేసింది. తీర్పుల్లో పనికిరాకపోవచ్చు, మన స్టడీ సర్కిళ్లలో చదువుకుందాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఏలినాటి శని పేరుతో చదువో, పెళ్లో, ఉద్యోగమో ఆగి ఉంటే కింద రాయండి. వచ్చే భాగంలో పుష్కరాలు: గురువు రాశి మారితే ఘాట్లు కడిగేదెవరు?

జై భీమ్.