వెర్రివాడూ కాదు, మైనరూ కాదు

తండ్రి చనిపోతే ఏం చేయాలో మన చట్టానికి బాగా తెలుసు. వీలునామా ఉంటే ఒక దారి, లేకపోతే వారసత్వ ధ్రువపత్రం మరో దారి. పిల్లవాడు మైనరైతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉన్నది. కాని తలకు దెబ్బ తగిలి, ఊపిరి ఉండీ మాట లేక, నెలల తరబడి మంచాన పడి ఉన్న తండ్రి మాటేమిటి? అతని బ్యాంకు ఖాతాలోని సొమ్ముతో అతనికే వైద్యం చేయించాలంటే ఎవరు సంతకం పెట్టాలి? ఈ ప్రశ్న వెనుక సుమారు ఏడు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. అందులోని వింత ఏమంటే, ఒకప్పటి చట్టంలో ఇతనికి చోటుండేది. చట్టం సంస్కారం పొందేకొద్దీ ఆ చోటు కరిగిపోయింది.

పద్నాలుగో శతాబ్దపు తొలినాళ్ళ ఇంగ్లండులో రాజుగారి హక్కులను వివరించే ఒక శాసనం మతిలేనివారిని రెండు తెగలుగా విడదీసింది. పుట్టుకతోనే బుద్ధి లేనివాడి భూమి రాజు చేతికి పోతుంది. వాడిని పోషించగా మిగిలిన ఫలసాయం రాజుదే. నడుమ మతి పోయినవాడి సంగతి వేరు. వాడి ఆస్తిని రాజు కాపాడాలే తప్ప అందులో చిల్లిగవ్వ ముట్టుకోరాదు. ఆ తర్వాత ఎడ్వర్డ్ కోక్ ఈ విభజనను నాలుగు తెగలకు పెంచాడు. వాటిలో ఒకటి: జబ్బు వల్లనో, దుఃఖం వల్లనో, ఏదైనా ప్రమాదం వల్లనో జ్ఞాపకాన్నీ తెలివినీ పూర్తిగా పోగొట్టుకొన్నవాడు. మన మంచాన పడ్డ తండ్రి నాలుగు వందల ఏళ్ళ క్రితమే చట్టం కంట పడ్డాడన్నమాట.

అతన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది అంతకంటె గడ్డు ప్రశ్న. 1765లో బ్లాక్‌స్టన్ చెప్పిన సమాధానం నిర్మొహమాటమైనది. వారసుడికి మనిషిని అప్పగించరాదు, ఎందుకంటే మనిషి పోతే వాడికి లాభం. ఆస్తిని మాత్రం అప్పగించవచ్చు, ఎందుకంటే అది పాడైతే వాడికే నష్టం. కన్నకొడుకు గురించి ఇలా లెక్క వేయడం మనకు కటువుగా తోచవచ్చు గాని, ఆస్తి తగాదాలు చూసినవారు దీన్ని తేలికగా కొట్టిపారేయలేరు.

మన ధర్మశాస్త్రాలలో బాలుని సొత్తును కాపాడే భారం రాజుమీద ఉన్నది. మతిలేనివాడికి మాత్రం అవి వాటానే ఇవ్వలేదు, తిండీ బట్టా ఇమ్మన్నాయి. ఆ అనర్హత 1928లో కొంత తగ్గి, 1956 హిందూ వారసత్వ చట్టంతో పూర్తిగా తొలగింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నాటి రెగ్యులేషన్‌తో కోర్టు ఆఫ్ వార్డ్సు వచ్చింది. మన జమీందారీ కథల్లో తరచు వినబడే పేరే అది. మైనరు జమీందార్లతోపాటు మతి చెడిన జమీందార్ల ఎస్టేట్లూ దాని పాలనలోకి వెళ్ళేవి. సర్కారుకు కావలసింది పేష్కష్ సక్రమంగా రావడం. తక్కినవారి కోసం 1858లో చట్టాలు వచ్చాయి, 1912 ఇండియన్ లూనసీ చట్టం వాటిని ఏకం చేసింది. బంధువు జిల్లా కోర్టుకు అర్జీ పెట్టుకొంటే కోర్టు విచారించి, మనిషికి సంరక్షకుణ్ణి, ఆస్తికి మేనేజరును నియమించేది. వారసుడు మనిషికి సంరక్షకుడు కావాలంటే, అది రోగి మేలుకేనని కోర్టు కారణాలు రాసి చూపాలి. బ్లాక్‌స్టన్ అనుమానం సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది.

'లూనటిక్' అన్న మాటలోని అవమానాన్ని తీసివేయడానికి 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేశారు. అది 1993లో అమలుకు వచ్చింది. ఆస్తి నిర్వహణ అధ్యాయం అందులో ఉన్నది గాని, అది మానసిక వ్యాధిగ్రస్తులకు ఉద్దేశించినది. మెదడుకు దెబ్బ తగిలి స్పృహ లేని మనిషి ఆ మాట కిందికి వస్తాడా అన్న సందేహం మిగిలింది. 2018లో అమలైన 2017 నాటి చట్టం ఆ అధ్యాయాన్నే వదిలివేసింది. రోగి తరఫున మరొకరు నిర్ణయాలు తీసుకోవడం తగదన్న ఆలోచన దాని వెనుక ఉన్నది. ఆ ఆలోచన గొప్పదే. అయితే కోమాలో ఉన్నవాడి తరఫున ఎవరూ నిర్ణయించకపోతే అక్కడ నిర్ణయమే ఉండదు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే పరిమితం. 2016 వికలాంగుల హక్కుల చట్టం పద్నాలుగో సెక్షన్ పరిమిత సంరక్షకత్వాన్ని ఇస్తుంది. దెబ్బ తిని కొంత కోలుకొని, మాట్లాడగలిగిన తల్లికి అది పనికివస్తుంది. కాని అది ఉమ్మడి నిర్ణయం మీద నిలిచిన ఏర్పాటు. కళ్ళు తెరవని మనిషితో ఉమ్మడి నిర్ణయం ఎలా?

జీపీఏ ఉన్నది కదా అంటారు చాలామంది. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారమిచ్చిన మనిషికి మతి తప్పితే ఏజెన్సీ ముగిసిపోతుంది. గొడుగు వాన పడగానే ముడుచుకుపోయినట్టు! ఇంగ్లండు ఈ లోపాన్ని 1985లో ప్రత్యేక చట్టంతో సరిదిద్దుకొన్నది. మనం ఇంకా సరిదిద్దుకోలేదు. అదే కాంట్రాక్టు చట్టం పన్నెండో సెక్షన్ మాత్రం తల్లిదండ్రులకు అండగా నిలుస్తుంది. ఏం జరుగుతున్నదో గ్రహించలేని మనిషి చేత ఆసుపత్రి మంచం దగ్గర వేయించుకొన్న వేలిముద్ర కాంట్రాక్టుగా నిలవదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టమూ అటువంటి దస్తావేజును తిరస్కరించమంటుంది. 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకొంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. అయితే ఇవన్నీ దోపిడీని ఆపేవే గాని వైద్యానికి డబ్బు తెచ్చేవి కావు.

చివరికి దారి చూపినవి హైకోర్టులు. 2019లో కేరళ హైకోర్టు, చట్టంలో ఏర్పాటు లేనంత మాత్రాన చేతులు ముడుచుకోలేమని, రాజ్యాంగం 226వ అధికరణం కింద కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించేందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం? ప్రజలకు రాజే తల్లీతండ్రీ అన్న ఆ పాత సూత్రమే. మద్రాసులో 2024లో, కోమాలో ఉన్న భర్త ఆస్తిని వైద్యం కోసం అమ్మడానికి ఒక భార్య అనుమతి కోరింది. సివిల్ కోర్టుకు వెళ్ళమని మొదట పంపివేశారు; ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి ఆమెనే సంరక్షకురాలిని చేసింది.

కేరళ షరతులను చదువుతుంటే బ్లాక్‌స్టన్ గుర్తుకు వస్తాడు. సంరక్షకత్వం కోరేది భార్యో, భర్తో, సంతానమో కావాలి. ఒకప్పుడు అనుమానానికి కారణమైన బంధమే ఇప్పుడు అర్హత. కాని రోగి ఆస్తులన్నీ ముందే వెల్లడించాలి. తక్కిన వారసులందరినీ పిటిషన్‌లో చేర్చాలి. నరాల వైద్యుడున్న మెడికల్ బోర్డు పరీక్షించాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికి వెళ్ళి చూసి రావాలి. అధికారం పేర్కొన్న ఆస్తులకూ ఖాతాలకూ మాత్రమే. ఆపైన ఆరు నెలలకొకసారి ఆ కొడుకో కూతురో ఏం చేశారో రాసి హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు లెక్క అప్పజెప్పాలి.