తుపాను వస్తే గ్రామ సచివాలయం ఏం చేయాలి? నెల్లూరు తీరంలో ఉద్యోగుల శిక్షణ సంగతులు

1989 నవంబరులో థాయ్‌లాండ్ గల్ఫ్‌లో పుట్టిన ‘గే’ తుపాను ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలపడి, సూపర్ సైక్లోన్‌గా కావలి దగ్గర తీరాన్ని తాకింది. 2004 డిసెంబరు 26న సునామీ హెచ్చరిక అనేదే లేకుండా వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి సునామీ హెచ్చరిక నిమిషాల్లో అందుతుంది, తుపాను సంగతి ఐఎండీ రోజుల ముందే చెబుతోంది. అయితే ఆ మాట మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం లాంటి ఊళ్లలో ఇంటింటికీ చేరాలంటే సచివాలయం ఉద్యోగి నడవాల్సిందే. ఆ ఉద్యోగికి ఏం నేర్పారన్నదే అసలు ప్రశ్న.

చట్టంలో ఏముంది?

2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 41 ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలు తమ అధికారులకు, ఉద్యోగులకు విపత్తు శిక్షణ ఇప్పించాలి. సామగ్రిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడేలా సిద్ధంగా ఉంచాలి. కలెక్టర్ ఛైర్మన్‌గా ఉండే జిల్లా అథారిటీ ఈ శిక్షణలను ఏర్పాటు చేయాలి. ఇదే చట్టం సెక్షన్ 56 ప్రకారం, విపత్తు డ్యూటీ చేయనని వెళ్లిపోయిన ఉద్యోగికి ఏడాది వరకు జైలు పడొచ్చు. నేర్పకుండానే అంత బాధ్యత అడగడం న్యాయం కాదు కదా.

డబ్బు లేదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 10 శాతాన్ని సన్నద్ధత, సామర్థ్యం పెంపు కోసమే విడిగా చూపింది. ఈ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25 శాతం. ఇక పెద్ద స్థాయి శిక్షణ కోసం విజయవాడ దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది. పక్కనే ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది.

ఎవరి పని ఏమిటి?

ఐఎండీ హెచ్చరిక నాలుగు దశల్లో వస్తుంది: 72 గంటల ముందు, 48, 24, చివరగా 12 గంటల ముందు. శిక్షణ అంటే ఈ గంటలను పనులుగా మార్చుకోవడమే. మొదటి దశలోనే మత్స్య సహాయకుడు వేటకెళ్లిన బోట్ల లెక్క తీసి, వాటిని వెనక్కి పిలిపించాలి. ఏఎన్ఎం నెలలు నిండిన గర్భిణుల జాబితా పట్టుకుని, రోడ్డు తెగకముందే వాళ్లను ఆస్పత్రికి చేర్చాలి. వీఆర్వో, పంచాయతీ కార్యదర్శి తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో చూసుకోవాలి. తాళం దొరక్క జనం వానలో నిలబడితే షెల్టర్ ఎంత గట్టిగా కట్టినా ఉపయోగం లేదు. జనరేటర్, చెట్లు కోసే రంపం కూడా ముందే నడిపి చూడాలి. ఎనర్జీ అసిస్టెంట్ ఎప్పుడు కరెంటు ఆపాలో, తుపాను తర్వాత తెగిన తీగల దగ్గరికి జనాన్ని ఎలా రానివ్వకూడదో తెలిసినవాడై ఉండాలి.

2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు 50 ఇళ్లకో వాలంటీర్ ఉండేవారు. 2024 తర్వాత వాళ్లు విధుల్లో లేరు. అందుకే ఏ ఇంట్లో మంచం మీదున్న ముసలివాళ్లు ఉన్నారో, ఎవరికి డయాలసిస్ ఉందో ఇప్పుడు సచివాలయ సిబ్బందే రాసి పెట్టుకోవాలి. అదీ ఫోన్‌లో మాత్రమే కాదు, కాగితం మీద కూడా. టవర్ పడిపోతే యాప్ పనిచేయదు.

శిబిరంలో మన ఇబ్బందులు

ఇల్లు వదిలి శిబిరానికి రావడానికి ఆడవాళ్లు వెనకాడతారు. పర్దా పాటించే కుటుంబాల్లో ఇది ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకు వేరే గది, వేరే మరుగుదొడ్డి, రాత్రి మహిళా పోలీసు ఉన్నారని ముందే చెబితే చాలామంది కదులుతారు. ఇది మాక్‌డ్రిల్‌లోనే నేర్పాల్సిన విషయం. మసీదు మైకు కూడా హెచ్చరికకు పనికొస్తుంది. సచివాలయం దగ్గర ఇమాం సాబ్, మసీదు కమిటీ సదర్ నంబర్లు ఉన్నాయో లేదో జమాత్ పెద్దలు ఒకసారి వెళ్లి అడగడం మంచిది. శిబిరానికి వెళితే రిజిస్టర్‌లో ఇంటిల్లిపాది పేర్లు రాయించుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, మందులు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి. తర్వాత నష్టం లెక్కలు రాసేటప్పుడు ఇవే అడుగుతారు.

నీళ్లు సముద్రం నుంచే రావు

2021 నవంబరులో నెల్లూరును ముంచింది సముద్రం కాదు, పెన్నా. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలడంతో కోవూరు వైపు జాతీయ రహదారి కోతకు గురైంది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. తీరం ఉద్యోగికి తుపాను డ్రిల్ ఒక్కటే నేర్పితే సగం పనే అయినట్టు. డ్యాం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలితే తన ఊళ్లో ఏ వీధి మునుగుతుందో అతనికి తెలియాలి.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు వాకాడు, తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. సముద్రం అదే అయినా ఆదేశాలు వచ్చే కలెక్టరేట్ మారింది. పాత నెల్లూరు నంబర్లు రాసుకున్నవాళ్లు మార్చుకోవాలి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు మాత్రం అందరికీ ఒక్కటే: 1070, 112, 1800-425-0101.