గ్రిల్లు చూసి ఏడు చెప్పొచ్చు

దూరదర్శన్‌లో వారానికో పాత తెలుగు సినిమా వచ్చే రోజుల్లో, రాజమండ్రి దానవాయిపేటలోని మా ఇంట్లో ప్రేక్షకులు రెండు పార్టీలు. అమ్మావాళ్లది కథ పార్టీ. సావిత్రి కళ్లొత్తుకుంటే వాళ్లూ ఒత్తుకునేవారు. నాదీ, వీధి చివర షెడ్డు నడిపే మేస్త్రీగారిదీ కారు పార్టీ. జమీందారుగారి మేడ ముందు బండి ఆగిందంటే, అందులోంచి దిగేది నాగేశ్వరరావా, రంగారావా అన్నది మాకు తర్వాతి సంగతి.

"అంబాసిడరు" అన్నాను ఓసారి.

"వెనక మడ్‌గార్డు చూడవోయ్. రెక్క ఉందా? లేదు. అది ల్యాండ్‌మాస్టరు" అన్నారాయన, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

అప్పట్నించీ నాకీ పిచ్చి.

ఈ బండ్లన్నిటికీ పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్క కౌలీలో మోరిస్ కంపెనీ చేసిన నమూనాలే పేరు మార్చుకుని మన రోడ్డెక్కాయి. బి.ఎం. బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్స్ పెట్టారు. మొదట గుజరాత్‌లో ఓఖా రేవు దగ్గర, తర్వాత కలకత్తా పక్క ఉత్తరపారాలో. మోరిస్ టెన్ ఇక్కడ హిందుస్థాన్ టెన్ అయింది. మోరిస్ మైనర్ బేబీ హిందుస్థాన్ అయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో వరస 1950ల మధ్యలో ల్యాండ్‌మాస్టర్‌గా వచ్చింది. మూడో వరస 1957లో అంబాసిడర్ అయి, 2014 మే దాకా తయారవుతూనే ఉంది. అన్నేళ్లూ ఒకటే బండి కదా అనుకుంటాం. కాదు. ఒళ్లు మారలేదు గానీ మూతి మారుతూ వచ్చింది, ఆ మూతే మనకు ఆధారం.

1962లో మార్క్ టూ వచ్చింది. దాని గ్రిల్లు చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. అంతకు ముందుదాన్ని మార్క్ వన్ అనడం ఆ తర్వాతే మొదలైంది; రెండో యుద్ధం వచ్చాక గానీ మొదటి యుద్ధానికి "మొదటి" అన్న మాట కుదరనట్టు. 1975లో వచ్చిన మార్క్ త్రీకి గళ్లు పోయి అడ్డ పట్టీలు వచ్చాయి. గుండ్రటి సిగ్నల్ దీపాలు గ్రిల్లు నుంచి విడిపోయాయి. 1979లో మార్క్ ఫోర్: గ్రిల్లు చిన్నదైంది, గళ్లు పెద్దవయ్యాయి, పార్కింగ్ దీపాలు నలుచదరం అయ్యాయి. మన పెళ్లిళ్లకు బంతిపూల దండలు కట్టుకుని తిరిగిన బండ్లలో ఎక్కువ భాగం ఈ మూతివే. దండ సరిగ్గా గ్రిల్లు మీదే వేలాడేది. ఆ ఫొటోల్లో ఏడు తేల్చడం మేస్త్రీగారికి కూడా కష్టమే.

ఫియట్‌ది బొంబాయి దారి. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, 1954లో కుర్లా నుంచి ఎలెవెన్ హండ్రెడ్‌ను దించింది. తర్వాత ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్, డిలైట్ అని పేర్లు మారుతూ పోయి, 1974లో పద్మిని అయింది. జనం నోట్లో మాత్రం అన్నీ ఫియట్లే. పోల్చడానికి గ్రిల్లు దాకా వెళ్లక్కర్లేదు, హీరోయిన్ దిగడం చూస్తే చాలు. పాత బండికి ముందు తలుపు బిజాగిరీ వెనక వైపున, అంటే నడిమి స్తంభానికి ఉంటుంది. తలుపు ఎదురుగాలికి తెరుచుకుంటుంది. పద్మినికి మామూలు తలుపే.

స్టాండర్డ్ హెరాల్డ్‌తో ఏ తికమకా లేదు. 1961 నుంచి మద్రాసులోనే తయారైంది, అంటే మన స్టూడియోల ఇంటి పిల్ల. మొదట్లో రెండే తలుపులు. బానెట్ ఎత్తితే రెండు మడ్‌గార్డులూ దాంతోపాటే ముందుకు లేస్తాయి. బండి ఆగిపోయే హాస్య సన్నివేశానికి ఇంతకన్నా అనువైన కారు మరొకటి పుట్టలేదని నా అభిప్రాయం.

ఇక పెద్ద పెద్ద అమెరికన్ బండ్లు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఫోర్డ్ కూడా ఆ కాలంలోనే వచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగిస్తే చాలదు, ఇక్కడే తయారుచేయాలని ప్రభుత్వం పట్టుబట్టేసరికి, 1954కల్లా రెండూ సర్దుకుని వెళ్లిపోయాయి. అందుకే 1960 నాటి సినిమాలో జమీందారు దిగే షెవర్లే అప్పటికే కనీసం ఐదారేళ్ల పాత బండి అయ్యుంటుంది. మేస్త్రీగారు నాకు నేర్పిన అసలు పాఠం ఇక్కడే ఉంది. కారు ఎప్పుడూ "అంతకు ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. "అప్పుడే" అని చెప్పదు. కాబట్టి తెర మీద ఉన్నవాటిలో వయసులో అన్నిటికన్నా చిన్నదాన్ని వెతకాలి. పది బండ్ల మధ్య ఒక్క గళ్ల గ్రిల్లు కనబడితే చాలు, ఆ సన్నివేశం 1962కి ఇవతలిదే.

నెంబరు ప్లేటు ఇంకో సాక్షి. కథ గోదారి ఒడ్డునే జరుగుతుంది, జమీందారుదీ మన జిల్లాయే, బండి నెంబరు మాత్రం "ఎం" అక్షరంతో మొదలవుతుంది. అంటే మద్రాసు రిజిస్ట్రేషన్. సినిమా పరిశ్రమ అప్పటికింకా అక్కడే ఉందని ఆ రేకు ముక్క ఒప్పేసుకుంటుంది. ఏపీ-05 కనబడితే తూర్పుగోదావరి, ఏపీ-37 అయితే పశ్చిమ. ఆ రెంటిలో ఏది కనబడ్డా 1989 తర్వాతి బండే.

మా ఊరి వాళ్లకు వీటన్నిటికన్నా పెద్ద కొలబద్ద మరొకటుంది: వంతెన. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన రైలుదే, కారుకు అక్కడ చోటు లేదు. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన 1974లో వచ్చింది. బాపు 1973లో అందాలరాముడు విడుదల చేసేనాటికి రాజమండ్రి దగ్గర కారు గోదారి దాటే వంతెనే లేదన్నమాట. కాబట్టి కొవ్వూరు వైపు నుంచి కారు వంతెన మీద దూసుకొస్తుంటే గ్రిల్లు చూడక్కర్లేదు, 1974 తర్వాతే. వెనకాల విల్లుల్లాంటి తోరణాల వంతెన పూర్తయి కనిపిస్తే 1990ల దాకా రావాల్సిందే. హేవలాక్ మీద రైలు నడుస్తోందా, 1997కి ఇవతల కాదు.

ఈ లెక్క తెలిశాక పాత కాలపు కథలతో తీసే సీరియళ్లు చూడటం కష్టమైపోయింది. దండి ఉప్పు సత్యాగ్రహం నాటి కలెక్టరు అంబాసిడర్‌లోంచి దిగుతాడు. ఆ బండికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో వరస ఇంగ్లండులోనే 1956 దాకా పుట్టలేదు. పైగా మూతి చూస్తే మార్క్ ఫోర్! ఖద్దరు నేతకూ, కళ్లజోడు ఫ్రేముకూ పడ్డ శ్రద్ధలో పదో వంతు బండి మీద పెట్టరు. అదే అమెరికాలో కొలంబో అనే డిటెక్టివ్ సీరియల్ తీసినప్పుడు, నటుడు పీటర్ ఫాక్ స్టూడియో షెడ్డులో మూలనున్న పాత ప్యూజో 403ని తనే ఏరుకున్నాడు. ఆ డొక్కు బండి పాత్రలో సగమైంది. చిత్రమేమిటంటే, 2017లో అంబాసిడర్ పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది ఆ ప్యూజో వాళ్లే.

మేస్త్రీగారి షెడ్డు ఇప్పుడు లేదు. అందుకని చదివేవారికో మనవి. మీ ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లో దండ కట్టిన కారు ఉంటే, ఆ ఫొటో వెనక పెళ్లి తారీఖూ, బండి ఎవరిదో, ఏ ఊరిదో రాసి పెట్టండి. ఆల్బమ్ స్కాన్ చేయించేటప్పుడు నెంబరు ప్లేటు వైపు అంచు మాత్రం కత్తిరించనివ్వకండి.