సాలార్‌జంగ్ కుటుంబం

సాలార్‌జంగ్ కుటుంబం అసఫ్‌జాహీల పాలనలోని హైదరాబాదు రాజ్యంలో పలు తరాలపాటు దివాన్ (ప్రధానమంత్రి) పదవిని నిర్వహించిన కులీన కుటుంబం. 1804 - 1914 మధ్య కాలంలో, కొన్ని విరామాలతో, ఈ కుటుంబానికి చెందిన ఆరుగురు దివాన్లుగా పనిచేశారు. నిజాము ఆదరణ, బ్రిటిషు రెసిడెంటు సమ్మతి రెండూ ఉంటేనే ఆ పదవి నిలిచేది.

తొలి తరాలు

1804లో దివాన్ అయిన మీర్ ఆలం 1808లో మరణించే వరకు ఆ పదవిలో ఉన్నాడు. హైదరాబాదులోని మీరాలం చెరువు ఆయన పేరుతోనే ఉంది. తరువాత ఆయన అల్లుడు మునీర్-ఉల్-ముల్క్ దివాన్ అయినా, అసలు అధికారం పేష్కారు చందూలాల్ చేతిలో ఉండేది. మునీర్ కుమారుడు సిరాజ్-ఉల్-ముల్క్ రెండు పర్యాయాలు దివాన్‌గా ఉన్నాడు. ఆయన చివరి రోజుల్లో, 1853లో, సైనిక వ్యయపు బాకీ కింద బేరారు ప్రాంతం బ్రిటిషువారి అధీనంలోకి వెళ్ళింది.

మొదటి సాలార్‌జంగ్ (1829 - 1883)

సిరాజ్-ఉల్-ముల్క్ సోదరుని కుమారుడైన మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో, 24 ఏళ్ళ వయసులో దివాన్ అయ్యాడు. సుమారు 30 సంవత్సరాలు, మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు. 1857 తిరుగుబాటులో ఆయన బ్రిటిషువారి పక్షం వహించాడు. ఆ ఏడు జూలైలో రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ 1859లో చంపబడ్డాడు. 1860 ఒప్పందం ద్వారా రాయచూరు అంతర్వేది నిజాముకు తిరిగి లభించింది. బేరారును కూడా రాబట్టడానికి సాలార్‌జంగ్ చేసిన ప్రయత్నాలు మాత్రం ఫలించలేదు.

జిలాబందీ

అంతకుముందు శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారులు రైతుల నుండి వీలైనంత పిండుకునేవారు. 1865లో సాలార్‌జంగ్ జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలు, తాలూకాలుగా విభజించి, జీతం పొందే అధికారులను నియమించాడు. నల్గొండ, నాగర్‌కర్నూలు (తరువాతి మహబూబ్‌నగర్) జిల్లాల పాలన ఈ పద్ధతిలోనే రూపొందింది. వసూలు బాధ్యత నుండి తప్పించిన దేశ్‌ముఖ్‌లకు రుసుములు ఏర్పాటు చేశారు. అయితే వారిలో పలువురు విస్తారమైన భూములను తమ పేర రాయించుకొని దొరలుగా స్థిరపడ్డారు. 1946 - 1951 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ప్రధానంగా ఈ భూస్వామ్యంపైనే సాగింది.

తరువాతి తరాలు

రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీ ఖాన్ 1884 నుండి 1887 వరకు దివాన్. ఆయన కాలంలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. తెలంగాణ ప్రజల్లో అధికుల భాష అయిన తెలుగుకు ఆ స్థానం దక్కలేదు. ఆయన కుమారుడైన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 - 1914 మధ్య దివాన్‌గా ఉండి, ఆపై కళాఖండాల సేకరణకు అంకితమయ్యాడు. అవివాహితుడైన ఆయన 1949లో మరణించాడు. ఆయన సేకరణతో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియం 1968లో మూసీ తీరాన ఉన్న ప్రస్తుత భవనానికి మారింది.